కొలిచి పెట్టిన అన్నం

మా పక్క వాటాలో ఈమధ్యనే ఒక కొత్త జంట కిరాయికి దిగింది. ఆ అమ్మాయి రోజూ పొద్దున్నే బియ్యం డ్రమ్ములో స్టీలు గ్లాసు ముంచుతుంది. మధ్యగోడ పలచన. గ్లాసు బియ్యంలోకి దిగేటప్పటి గరగర, పైకి తీసి వేలితో అంచు చదును చేసినప్పుడు జారిపడే గింజల సవ్వడి, అన్నీ నా వంటగదిలోకి వినిపిస్తాయి. అందరి ఇళ్లలో వినిపించే చప్పుడే అది. నేను మాత్రం ఆ చప్పుడు వినగానే చేస్తున్న పని ఆపేస్తాను. ఆ వాటాలో అంతకుముందు చాంద్‌బీ ఖాలమ్మ ఉండేది. ఆమె పోయి ఏడాది దాటింది. పొద్దున ఇంకా తెలివి పూర్తిగా రాని ఆ కాసేపు, బియ్యం తీస్తున్నది ఆమే అనుకుంటాను. తర్వాత కొత్త పిల్ల గాజుల చప్పుడు వినబడుతుంది. ఖాలమ్మ చేతికి గాజులుండేవి కావు.

మా సొంతూరు ఆత్మకూర్ దగ్గర. కృష్ణకు మరీ దూరం కాదు. రాష్ట్రం వచ్చిన కొత్తలో మా ఆయనకు చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో షిఫ్టు పని దొరికింది. హైవే వెనక సందులో, ఒకే వరుసలో నాలుగు వాటాలున్న ఇంట్లో ఒకటి తీసుకున్నాం. పక్క వాటాలో ఖాలమ్మ, ఆమె కొడుకు సాదిక్. అతనికి రోడ్డు మీద పంక్చర్ షాపు. ఖాలమ్మ భర్త బతికున్న రోజుల్లో ఊరూరి అంగళ్లు తిరిగి లవంగాలు, మిరియాలు, ధనియాలు అమ్మేవాడట. ఆయన పోయాక ఆమె ఇంట్లోనే కూర్చుని మసాలాలు దంచి ఇచ్చేది. ఆ సందులోకి అడుగుపెడితే ముందు తగిలేది ఆ వాసనే. సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. మొదటి రోజు మా సామాను దించుతుంటే గుమ్మంలో నిలబడి, "పొయ్యి రేపు ముట్టియ్యి బిడ్డా, ఇయ్యాల నా కాడ తినుండ్రి," అంది. అడిగినట్టుగా లేదు, తేల్చి చెప్పినట్టుంది.

అప్పటికి మా వెన్నెలకు ఐదేళ్లు. ఆ ఎండాకాలంలో పిల్ల ఊరికే నీళ్లడగడం మొదలుపెట్టింది. ఎండలకేమో అనుకున్నాం. మంచం తడిపే వయసు దాటిపోయిన పిల్ల మళ్లీ పక్క తడపడం మొదలుపెట్టింది. గౌను భుజం మీద నిలవనంతగా చిక్కిపోయింది. ఒకరోజు పొద్దున ఊపిరి లోతుగా తీస్తూ, పిలిస్తే పలకకుండా పడి ఉంటే, ఎత్తుకుని పట్నంలో పెద్ద దవాఖానకు పరుగెత్తాం. షుగర్ అన్నారు. బతికినన్నాళ్లూ సూది తప్పదన్నారు. ఐదేళ్ల పిల్లకు షుగరేమిటని మా ఆయన డాక్టరును మళ్లీ మళ్లీ అడిగాడు. ఆయన ఓపికగా ప్రతిసారీ అదే చెప్పాడు. ఎవరూ ఏ తప్పూ చేయలేదు, తియ్యటివి తిన్నందుకు వచ్చింది కాదు, పిల్ల ఒంట్లో ఇన్సులిన్ తయారు కావడం ఆగిపోయింది, బయటినుంచి ఇవ్వాలి, అంతే.

అక్కడ తిండి సంగతి చెప్పే ఒక మేడం ఉండేది. ఆమె ఇచ్చిన కాగితంలో అన్నీ గ్రాముల్లోనే ఉన్నాయి. అన్నం ఇన్ని గ్రాములు, పప్పు ఇన్ని గ్రాములు, అంత తింటే సూది మందు ఇంత. మా ఇంట్లో కాంటా లేదని చెప్పాను. ఆమె రెండు చేతులూ దగ్గరకు చేర్చి, "కాంటా కొనేదాకా ఇంత గిన్నె ఒకటి పెట్టుకోండి, కానీ తొందరగా కొనండి," అంది. నేను ఆ గిన్నె మాట పట్టుకున్నాను, కాంటా మాట వదిలేశాను. మా అమ్మ సోలతో, తవ్వతో వండింది. నేను గ్లాసుతో వండాను. ఉప్పుకు చిటికెడు, పప్పుకు పిడికెడు. తూకం అనేది దుకాణంలో జరిగే సంగతే తప్ప పొయ్యి దగ్గర జరుగుతుందని నాకు తెలియదు.

ఇంటికి వచ్చాక మా అత్తమ్మ ఊరినుంచి వచ్చింది. మనవరాలిని చూసి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, "షుగరున్నోళ్లు అన్నం తింటరా? అన్నం బంద్ చెయ్యి. జర రొట్టె ముక్క పెట్టు, చాలు," అంది. ఆమెది ప్రేమే. నా భయానికి ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. తక్కువ పెడితే తక్కువ ప్రమాదం అనిపించేది. అయినా డాక్టరు మాట తీసేయలేక, గిన్నెతో కొలిచి అన్నం పెడుతూ వచ్చాను.

అప్పటిదాకా వండినవి కొత్త బియ్యం. అన్నం మెత్తగా, ముద్దగా అయ్యేది. ఆ నెల మా ఆయన పాత బియ్యం తెచ్చాడు. అన్నం మల్లెపూవులా పొడిపొడిగా వచ్చింది. వెన్నెల ముచ్చటపడి తింది. అదే గిన్నె, అంచుదాకా నిండుగా పెట్టాను. సూది కూడా రోజూ ఇచ్చినంతే ఇచ్చాను. మధ్యాహ్నం దాటాక గుమ్మంలో ఆడుకుంటున్న పిల్ల చెమటలతో తడిసిపోయి, తూలి, అరుగు మీద పడింది. కళ్లు పైకి తేలిపోయాయి. చేతులు కొట్టుకుంటున్నాయి. తిండికి మించి సూది పడితే షుగర్ పడిపోయి ఇలా అవుతుందని, అప్పుడు చక్కెర నోట్లో రాయమని దవాఖానలో చెప్పారు. నాకు తెలుసు. కానీ చక్కెర డబ్బా మూత నా చేతులతో రాలేదు. నా కేక విని ఖాలమ్మ వచ్చింది. డబ్బా లాక్కుని మూత తీసి, చక్కెరను నాలుగు చుక్కల నీళ్లతో తడిపి, పిల్లను పక్కకు తిప్పి పట్టుకుని చెంప లోపల వేలితో రాస్తూ కూర్చుంది. "లే బిడ్డా, లే నా తల్లీ, కండ్లు తెరువు," అంటూనే ఉంది. ఎంతసేపటికో వెన్నెల కళ్లు నిలిచాయి. అమ్మా అంది. ఖాలమ్మ మొహం చూస్తే రక్తం లేదు. నాకంటే ఆమే ఎక్కువ వణుకుతోంది. అప్పుడు నాకు ఎందుకో తెలియలేదు.

మర్నాడు ఆమె మా వంటగదిలోకి వచ్చి కూర్చుంది.

"నిన్న ఏం తేడా చేసినవ్?"

"ఏం చెయ్యలే ఖాలమ్మా. అదే గిన్నె, అదే సూది."

"అన్నం?"

"పాత బియ్యం. పొడిపొడిగ అయింది."

ఆమె గిన్నె అందుకుని తిప్పి చూసింది. లేచి వెళ్లి, భర్త అంగళ్లకు పట్టుకుపోయిన చిన్న తరాజు, దాని తూకపు బాట్లు ఒక గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చింది. ఇత్తడి పళ్లాలు రెండూ నల్లబడి ఉన్నాయి. చింతపండుతో తోమింది. మా ఇంట్లో మిగిలి ఉన్న కొత్త బియ్యం కొంచెం, పాత బియ్యం కొంచెం విడివిడిగా వండించింది. మెత్తటి అన్నం గిన్నెలో పెట్టి తూచింది. పొడి అన్నం అదే గిన్నెలో పెట్టి తూచింది. పొడి అన్నం ఒక చిన్న రొట్టెంత బరువు తక్కువ తూగింది. పొడి అన్నాన్ని వేళ్లతో నొక్కి మళ్లీ నింపితే ఇంకో లెక్క.

"గిన్నె మంచిదే బిడ్డా, గిన్నె నిండిందా అంటే నిండిందనే చెప్తది. లోపట ఎంత ఉందో దానికేం ఎరుక?" అంది.

ఆ వారమే ఇద్దరం కలిసి పట్నం వెళ్లాం. మేడంకు జరిగింది చెప్పాం. ఆమె కోప్పడలేదు. మేం చేసింది సగం సరైనదేనని, మెత్తటి అన్నంలో నీళ్ల బరువు కూడా కలుస్తుందని, అందుకే వండకముందు బియ్యం తూచి, వండాక మొత్తం అన్నం తూచి, అందులో పిల్లకు ఎంత భాగం పెడుతున్నామో చూడాలని బొమ్మ గీసి చెప్పింది. ఖాలమ్మ కళ్లు చిట్లించి వింది. బస్సులో వస్తూ దారి పొడుగునా అదే నాకు తిరిగి అప్పజెప్పింది. "బియ్యం తూచుడు. అన్నం తూచుడు. అండ్లకెళ్లి పిల్ల వాటా తీసుడు. గింతే కదా?" గింతే. కానీ ఆ గింత చేతికి అలవాటు కావడానికి ఎన్నో వంటలు పట్టాయి.

తర్వాతి రోజులు నా జీవితంలో విచిత్రమైన రోజులు. మా ఇద్దరి వంటిళ్లలో ఉన్న ప్రతి వస్తువునూ తూచాం. ఒక గ్లాసు పెట్టుకున్నాం, దానితో ఏది కొలిచినా వెంటనే తరాజులో వేసి చూసేవాళ్లం. గ్లాసెడు బియ్యం బరువుగా తూగింది. అదే గ్లాసెడు అటుకులు పోస్తే అవతలి పళ్లెం కదలనే లేదు. జొన్నపిండి ఒకసారి ఒక బరువు, గ్లాసును నేలకు తట్టి నింపితే ఇంకో బరువు. జల్లెడ పట్టిన పిండి ఒక తీరు, పట్టనిది ఇంకో తీరు. రొట్టెలు చేతి వాటానికి ఒకటి పెద్దది ఒకటి చిన్నది అవుతాయని, పిండి ముద్దనే తూచి తట్టడం నేర్చుకున్నాను. వెన్నెల చిన్న బాట్లను బిడ్డల్లా వరుసగా పడుకోబెట్టి జోకొట్టేది. బాటు కావలసినప్పుడల్లా, "నిద్ర పోయింది, లేపద్దు," అని నోటి మీద వేలు పెట్టేది. ఖాలమ్మ నవ్వేది. ఆమె నవ్వగా నేను ఎక్కువగా చూసింది ఆ రోజుల్లోనే.

తూకం వచ్చాక నాకు ధైర్యం రావలసింది. రాలేదు. కాగితంలో ఉన్న అంకె దాటి ఒక మెతుకు వేసేదాన్ని కాదు. ఒకరోజు వెన్నెల పళ్లెం ఖాళీ చేసి, "అమ్మా, ఇంక ఆకలైతాంది," అంది. "అయిపోయింది, ఇంక లేదు," అన్నాను. పిల్ల పొయ్యి మీద ఉన్న గిన్నె వైపు చూసింది. అందులో అన్నం ఉంది. నా వైపు చూసింది. మళ్లీ అడగలేదు, ఖాళీ పళ్లెంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. గుమ్మంలో ధనియాలు చెరుగుతున్న ఖాలమ్మ చాట కింద పెట్టి లోపలికి వచ్చింది.

"డాక్టరు ఏమన్నడు? ఆకలైతే పెట్టద్దన్నడా?"

"లేదు. ఎంత తింటే అంత సూది ఇయ్యాలన్నడు."

"మరి పెట్టు."

"భయమైతాంది ఖాలమ్మా."

"కొలిచి పెట్టుడంటే తక్కువ పెట్టుడు కాదే!" ఆమె గొంతు సందు చివరిదాకా వినిపించి ఉంటుంది. "కడుపు నిండ పెట్టనీకే కొలుసుడు. ఆకలి సంపుకోనీకె కాదు. తరాజు తే."

తెచ్చాను. ఆమె తూచి పెట్టింది. నేను కాగితం చూసి, రెండుసార్లు సరిచూసుకుని సూది ఇచ్చాను. పిల్ల తింది. ఏమీ కాలేదు. ఆడుకుంటూ నిద్రపోయింది. ఖాలమ్మ మళ్లీ చాట పట్టుకోలేదు. నా పక్కన గోడకు చేరగిలబడి, నన్ను చూడకుండా చెప్పడం మొదలుపెట్టింది.

సాదిక్ కంటే ముందు ఆమెకు ఒక కొడుకు ఉండేవాడు. జానీమియా. హుజూర్‌నగర్ పక్కన ఒక పల్లెలో ఉండేవాళ్లు అప్పుడు. "ఎనిమిదేండ్లు నిండినయి బిడ్డా. కుండల నీళ్లన్నీ తాగుతుండె. ఒంటికి పోసిన కాడ చీమలు పడుతుండె. సన్నగ పుల్ల లెక్క అయిండు. గాలి సోకిందన్నరు. తావీజు కట్టిచ్చినం. తర్వాత ఎవరో షుగరన్నరు, అన్నం ముట్టనియ్యద్దన్నరు. సూదులున్నయని మాకెవరు చెప్తరు? నేను అన్నం ఆపిన. నా చేత్తోని నేనే ఆపిన." చెంగుతో మూతి తుడుచుకుంది. "ఆఖరి పొద్దు నా కొంగు పట్టుకొని, 'అమ్మీ, జరంత అన్నం పెట్టు' అన్నడు. కుండ నిండ ఉండె అన్నం. లేక కాదు. పెడితే సస్తడేమో అని పెట్టలే. అన్నం అన్నం అనుకుంటనే పోయిండు."

ఆమె చేతి మీద చెయ్యి వేశాను. ధనియాల పొట్టు అంటుకుని గరుకుగా ఉంది ఆ చెయ్యి. అన్నం పెట్టి ఉన్నా ఆ రోజుల్లో ఆ పిల్లవాడు దక్కేవాడు కాదని, సూది లేకపోతే ఎవరూ దక్కరని నాకు తెలుసు. ఆ సంగతి ఆమెకు చెప్పాను. "నాకెరుకనే," అంది. "పెద్ద దవాఖానల మేడం చెప్పింది, నువ్వు మందులు తెచ్చుకోబోయినప్పుడు అడిగిన. దక్కకపోతుండె. కానీ ఆకలితోని అయితే పోకపోతుండె కదా బిడ్డా." ఆ తర్వాత ఎన్నేళ్లు కలిసి ఉన్నా ఆమె మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

వెన్నెల పెద్దదైంది. తరాజు పోయి అంకెలు చూపే కాంటా వచ్చింది. బడికి డబ్బాలో తూచిన అన్నం వెళ్లేది. రంజాన్ రోజు ఖాలమ్మ ఇంటికి చుట్టాలు వచ్చేవారు. అంతమంది గుమ్మంలో ఉండగానే ఆమె వెన్నెలకు ఒక చిన్న గిన్నెలో వేరుగా షీర్‌ఖుర్మా చేసేది. పాలు, సేమియా, చక్కెర, ఖర్జూరం ఒక్కొక్కటీ కాంటా మీద పెట్టి, అంకె చదవడం రాదు కాబట్టి వెన్నెలనే పిలిచి చదివించేది. "మా ఇంటికి పండుగ పూట అందరు వచ్చి తిని పోతరు, నా బిడ్డ మాత్రం వాసన చూసి పోవాల్నా?" అనేది చుట్టాలతో. వెన్నెల తన సూది లెక్క తాను వేసుకుని, ఆ గిన్నె ఖాళీ చేసి, అడుగున మిగిలింది వేలితో నాకేది. ఖాలమ్మ అది చూసేదాకా తను నోట్లో ఏదీ పెట్టుకునేది కాదు. నెలంతా ఉపవాసాలున్న మనిషి.

పోయినేడాది వానాకాలం మొదట్లో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది. మాట పోయింది. మింగడం పోయింది. నల్లగొండ దవాఖానలో ముక్కులోంచి గొట్టం వేశారు. సాదిక్ పగలంతా మందుల కోసం, పరీక్షల కోసం తిరిగేవాడు, నేను ఆమె దగ్గర ఉండేదాన్ని. జావ పలచగా కాచి, గుడ్డలో వడకట్టి, పెద్ద సిరంజితో గొట్టంలో పోయాలి. ఎంత పొయ్యాలో నర్సమ్మ సిరంజి గీతల మీద చూపించింది. కొలిచి పొయ్యడం నాకు కష్టం కాలేదు. కానీ ఆ జావ నాలుక మీద నుంచి పోదు. ఉప్పు తగిలిందా లేదా ఆమెకు తెలియదు. సందంతటికీ మసాలా వాసన పంచిన మనిషి. పోస్తున్నంతసేపు ఆమె కళ్లు నా మొహం మీదే ఉండేవి. "జొన్నజావ, ఖాలమ్మా. జీలకర్ర ఏసిన," అని చెప్పేదాన్ని. ప్రతిసారీ చెప్పేదాన్ని.

ఒక ఆదివారం వెన్నెల వచ్చింది. అప్పటికి కాలేజీ పిల్ల. మధ్యాహ్నం అయినా ఖాలమ్మ ముందు డబ్బా విప్పి తినడానికి మనసు రాక, బయటికి పోయి తింటానంది. ఖాలమ్మ ఎడమ చెయ్యి ఎత్తింది. గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. కూర్చోమంటోందని అర్థమైంది. వెన్నెల మంచం పక్కనే కూర్చుని, డబ్బా మూత తీసి, అందులో అన్నం ఆమెకు కనిపించేట్టు వంచి పట్టుకుంది. "నూట ఎనభై గ్రాములు, ఖాలమ్మా. పప్పు వేరే," అంది. సూది వేసుకుని మొత్తం తింది, ఒక్క మెతుకు మిగల్చలేదు. ఖాలమ్మ చూస్తూ ఉంది. తిన్నాక ఆమె ఎడమ చెయ్యి మెల్లగా పాకుతూ వచ్చి పిల్ల కడుపు మీద ఆగింది. కాసేపు అక్కడే ఉంచింది. వెన్నెల, "నిండింది ఖాలమ్మా, మస్తు నిండింది," అని చెప్పి ఇటు తిరిగి ఏడ్చింది.

ఆ వారం దాటలేదు. ఖాలమ్మ ఒక మధ్యాహ్నం, నేను జావ వడకడుతుండగా పోయింది. వెనక్కి తిరిగి చూసేసరికి నర్సమ్మ గొట్టం తీస్తోంది.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక సాదిక్ వాటా ఖాళీ చేశాడు. షాపుకు దగ్గరగా చిన్న జాగా చూసుకున్నాడు. సామానంతా ఆటోలోకి ఎక్కించి, తాళం ఇంటాయనకు ఇచ్చి, మా గుమ్మం ముందు నిలబడ్డాడు. పోతానని చెప్పడానికి వచ్చాడనుకున్నాను.

"అక్కా, నాకంటే ముందు ఒక అన్న ఉండెనట. నాకు ఎరుకైన కాడికెల్లి అమ్మీని అడిగితే లేచి పోతుండె. బాపు చెప్పకనే పోయిండు. నీకేమన్న చెప్పిందా?"

లోపలికి రమ్మని కూర్చోబెట్టాను. జానీమియా అని చెప్పాను. పేరు అతనికి తెలుసు, అంతకు మించి తెలియదు. ఎనిమిదేళ్లని చెప్పాను. హుజూర్‌నగర్ పక్క పల్లె అని, మా వెన్నెలకు వచ్చిన జబ్బే వచ్చిందని, అప్పట్లో ఎవరికీ తెలియలేదని, తావీజు కట్టించారని, దాహమని నీళ్లు తాగేవాడని చెప్పాను. అమ్మీ తప్పేమీ లేదని, సూది లేకపోతే ఎవరూ దక్కేవారు కాదని పెద్ద దవాఖానలోనే చెప్పారని చెప్పాను. సాదిక్ తల వంచుకుని విన్నాడు. మసి అంటిన వేళ్లు ఒకదానిలో ఒకటి జొనిపి పట్టుకున్నాడు.

"పొయ్యేముందు ఏమన్న అన్నడా? అమ్మీ చెప్పిందా?"

నేను అతని మొహం చూశాను. ఖాలమ్మ మొహమే అది. ఈ కొడుక్కి తను పెట్టిన అన్నమంతా, మా పిల్లకు తూచి పెట్టిన అన్నమంతా ఆమె దేనికోసం పెట్టిందో నాకు తెలుసు. ఇన్నేళ్లు ఆ మాటను ఆమె ఒక్కతే మోసింది.

"'అమ్మీ' అన్నడట," అని చెప్పాను. "అమ్మీ అని పిలిచి, కొంగు పట్టుకొని పోయిండట."

సాదిక్ కళ్లు తుడుచుకుని లేచాడు. ఆటో వెళ్లిపోయింది. కొంగు పట్టుకుని జానీమియా అడిగిన మిగతా మాట నా దగ్గర ఉండిపోయింది. నేను ఎవరికీ అప్పగించలేదు.